ముందు టైరు



జూన్ వస్తోంది. మన గూడేల నుంచి మళ్లీ కొంతమంది ఇటు విజయవాడ, గన్నవరం, నూజివీడు, ఏలూరు వైపు చదువులకి దిగుతారు. వాళ్లలో కొందరు "అన్నా, సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ దొరుకుతోంది, కొనమంటారా?" అని ఇప్పటికే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాస్తున్నాం. పోస్టు పెద్దదే, ఓపికగా చదవండి. సైకిలు టైర్ల గురించి ఇంత రాయాలా అనుకుంటారేమో. చివరిదాకా చదివాక చెప్పండి.

మేం నలుగురం. మాది బుట్టాయిగూడెం మండలం. ఇద్దరం కోయ, ఒకరు కొండరెడ్డి, ఒకరు ఎరుకల. 2021లో హనుమాన్ జంక్షన్లో ఒక గది అద్దెకి తీసుకున్నాం. జంక్షనే ఎందుకంటే, ఒకవైపు విజయవాడ, ఒకవైపు ఏలూరు, ఒకవైపు నూజివీడు, ఇంకోవైపు గుడివాడ. నలుగురం నాలుగు చోట్లకి వెళ్లినా రాత్రికి ఒకే గదికి చేరొచ్చు. అద్దె కూడా బెజవాడలో ఉన్నంత లేదు. పగలు బస్ పాస్ ఉంది, ఇబ్బంది లేదు. కానీ మాలో ఇద్దరం కాలేజీతో పాటు గన్నవరం వైపు ఒక గోడౌన్లో పార్ట్‌టైం చేసేవాళ్లం. తెల్లారుజామున 6 గంటలకి అక్కడ ఉండాలి. ఆ వేళకి సరిగ్గా అందే బస్సు ఉండేది కాదు. లారీ ఆపి ఎక్కితే డ్రైవర్‌కి ఇవ్వాల్సింది ఇవ్వాలి. అందుకని సైకిలు.

విజయవాడలో ఉద్యోగం చేసే ఒకాయన ఊరు మారుతూ తన రోడ్ బైక్ అమ్మేశాడు. నలుగురం డబ్బులేసుకుని కొన్నాం. మన ఊళ్లో బైక్ అంటే మోటార్ సైకిలే కాబట్టి మొదట ఇంట్లోవాళ్లు "బైక్ కొన్నారా!" అని కంగారు పడ్డారు. కాదు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, వేలంత సన్నటి టైర్లు, గేర్లు ఉండే సైకిలు. ఎత్తితే ఒక చేత్తో లేస్తుంది. హైవే మీద తొక్కితే గాల్లో పోతున్నట్టు ఉంటుంది. మాకు పాత హీరో సైకిళ్లు తొక్కిన కాళ్లు కదా, మొదటి వారం దాన్ని దిగబుద్ధి కాలేదు. వంతుల వారీగా తొక్కేవాళ్లం.

ఆ సంబరం ఆ వారంతోనే సరి. తర్వాత పంచర్లు మొదలయ్యాయి.

మొదట తెలుసుకున్నది సైజు గురించి. మొదటి టైరు పోయినప్పుడు మామూలు సైకిలు షాపులో "28 సైజు ఇవ్వండి" అని తెచ్చుకున్నాం. చూపుకి ఒకేలా ఉంటుంది. రిమ్ముకి ఎక్కిస్తే వదులుగా జారిపోతోంది. సంగతేంటంటే, మన నాన్నలు తొక్కే పెద్ద సైకిలు టైరు 28 × 1½. అది కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. రోడ్ బైక్‌ది 700సి అంటారు, దాని రిమ్ము 622 మిల్లీమీటర్లు. తేడా 13 మిల్లీమీటర్లే, అయినా ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు. టైరు పక్క గోడ మీద 25-622 అనో 28-622 అనో అచ్చు ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. ఇంచీల మాట వదిలేసి ఆ రెండు అంకెలు చూసి కొనండి. ఈ మాత్రం చెప్పేవాళ్లు లేక ఒక టైరు డబ్బులు, ఒక రోజు కూలీ పోగొట్టుకున్నాం.

రెండోది గాలి. మన పాత సైకిళ్లకి ఉండే వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, గుర్తుందా, వాల్ ట్యూబు. అది చినిగితే రూపాయో రెండో ఇచ్చి మార్చుకునేవాళ్లం. రోడ్ బైక్ వాల్వు అది కాదు. సన్నగా పొడుగ్గా ఉంటుంది, కొసన చిన్న మర ఉంటుంది. మర విప్పి గాలి పట్టి మళ్లీ బిగించాలి. దీన్ని ప్రెస్టా అంటారు. జంక్షన్లో లారీలకి గాలి కొట్టే షాపులకి కొదవ లేదు, కానీ వాళ్ల గొట్టం దీనికి పట్టదు. మధ్యలో ఇత్తడి అడాప్టర్ ఒకటి తగిలించుకోవాలి. చిన్నదే, చవకే. పర్సులో ఒకటి, సైకిలుకి ఒకటి ఉంచుకోండి.

కానీ జాగ్రత్త. లారీ కంప్రెసర్‌కి ఈ సన్న టైరు ఒక లెక్క కాదు. అలా నొక్కితే క్షణాల్లో నిండిపోతుంది, ఇంకో క్షణం ఉంచితే పేలుతుంది. ఎంత గాలి పట్టాలో టైరు గోడ మీదే పీఎస్ఐ లెక్కలో రాసి ఉంటుంది. అది గరిష్ఠం, అంత పట్టమని కాదు. మేం 55, 60 కిలోల వాళ్లం. 25 టైరుకి వెనక 90 లోపు, ముందు 80 దగ్గర పెడితే సుఖంగా నడుస్తోంది. 28 టైరుకి ఇంకా తగ్గించొచ్చు. వేలితో నొక్కి చూసి "గట్టిగానే ఉందిరా" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 50 ఉన్నా, 100 ఉన్నా మన వేలికి ఒకేలా అనిపిస్తుంది. మీటర్ ఉన్న చేతి పంపు ఒకటి నలుగురు కలిసి కొనుక్కోండి. వారానికి ఒకసారైనా చూడండి. సన్న టైరులో గాలి పంచర్ లేకపోయినా మెల్లగా దిగుతుంది. గాలి తక్కువుంటే గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు గాట్లు పడతాయి.

మూడోది ముళ్లు. ఊళ్లో మనకి పల్లేరు కాయలు తెలుసు, తుమ్మ ముళ్లు తెలుసు. హైవే మీద అసలు శత్రువు వేరే ఉంది. జంక్షన్లో మాకు పంచర్ వేసే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. మా మొదటి పంచర్లన్నీ ఆయనే వేశాడు. ఒకసారి టైరు లోపల దూది ఉండ పెట్టి గుండ్రంగా తిప్పాడు. ఒకచోట దూది పట్టుకుంది. అక్కడ పట్టకారుతో లాగితే తల వెంట్రుకంత ఉక్కు తీగ వచ్చింది.

"ఇదేంటి బాబాయ్?"

"లారీ టైరు తీగ. మీరు తెల్ల గీత బయట తొక్కుతారు కదా, అదంతా అక్కడే ఉంటది."

తర్వాత చూస్తే నిజమే. లారీ టైర్ల లోపల ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. టైరు పేలినా, పాత టైరుకి వేసిన కొత్త పొర ఊడినా ఆ ముక్కలు పాము కుబుసంలా రోడ్డు పక్కన పడి ఉంటాయి. అవి నలిగి నలిగి సన్న తీగలు రాలతాయి. బండ్ల గాలికి చెత్తంతా అంచుకి చేరుతుంది. మనం భయపడి తొక్కేదీ ఆ అంచులోనే. పొట్టిపాడు టోల్‌గేటు నుంచి జంక్షన్ దాకా, మళ్లీ జంక్షన్ నుంచి కలపర్రు టోల్‌గేటు దాకా ఈ సంగతి మా కాళ్లకి తెలుసు. పూర్తిగా అంచుకి పోకుండా, చెత్త గీతకి ఇవతల, బండ్లకి అవతల ఒక సన్న దారి ఉంటుంది. దాన్ని చూసుకుంటూ పోవాలి. సర్వీస్ రోడ్డు ఉన్నచోట సర్వీస్ రోడ్డే మేలు. వాన పడినప్పుడు ఇంకా జాగ్రత్త. తడి రబ్బరులోకి గాజు పెంకు తేలిగ్గా దిగుతుంది.

బాబాయ్ దగ్గరే పంచర్ వేయడం నేర్చుకున్నాం. టైరు మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరకి వచ్చేలా ఎక్కించమన్నాడు. ఎందుకంటే ట్యూబులో బొక్క ఎక్కడుందో దొరికితే, వాల్వు నుంచి ఎన్ని జానలో కొలిచి టైరులో ముల్లు ఎక్కడుందో చెప్పేయొచ్చు. ముల్లు తీయకుండా ట్యూబు మారిస్తే పది నిమిషాల్లో మళ్లీ పంచరే. మేం అలా ఒకే పొద్దున రెండు ట్యూబులు పోగొట్టుకున్నాం.

ఇంతవరకూ రాసింది ఎవరైనా చెప్తారు. ఇక్కణ్ణుంచి రాసేది మా తప్పు.

2022 నవంబరు నాటికి మా సైకిలు రెండు టైర్లూ పాతవైపోయాయి. వెనకది మరీ అరిగింది. గుండ్రంగా ఉండాల్సిన టైరు నడిమధ్య బల్లపరుపుగా అయింది. ఒకచోట గోరంత చీలిక. లోపల పాత టైరు ముక్క కోసి పెట్టాం, చీలిక తెరుచుకోకుండా. నడిచింది. "చూశావా, ఇంకో రెండు నెలలు లాగొచ్చు" అనుకున్నాం. ఇంతలో ముందు టైరు పక్క గోడ రాయి తగిలి చినిగిపోయింది. అది ఇక పనికిరాదు. ఒక కొత్త టైరు కొనాలి.

ఒక్కటే కొన్నాం. రెండోదానికి డబ్బుల్లేవని అందరికీ చెప్పాం. నిజం చెప్పాలంటే ఉన్నాయి. నలుగురం నాలుగు రీఛార్జులు ఆపుకుంటే వచ్చేవి. ఆపుకోలేదు.

కొత్త టైరు ఎక్కడ వేయాలి అని చర్చ వచ్చింది. మనిషి బరువు ఎక్కువ వెనకే పడుతుంది, వెనకదే తొందరగా అరుగుతుంది, కాబట్టి కొత్తది వెనక వేద్దాం, చీలిక ఉన్న పాతది ముందుకి మారుద్దాం, ముందు బరువు తక్కువ కదా ఏం కాదు అనుకున్నాం. లెక్క బాగుందనిపించింది. ఈ ఐడియా ఎవరిదో మా నలుగురిలో ఇప్పటికీ తేలలేదు. ఒకరి మీద ఒకరు చెప్పుకున్నాం, కొన్నాళ్లు మాటలు కూడా మానేశాం. ఇప్పుడు తేల్చుకోవడం మానేశాం. అందుకే ఈ పోస్టు "మేం" అని రాస్తున్నాం.

డిసెంబరు. ధనుర్మాసం మంచు. ఆ రోజు వంతు మాలో చిన్నోడిది. తెల్లవారి 5 దాటింది. తేలప్రోలు దగ్గర ముందు టైరు పేలింది.

వెనక టైరు పేలితే సైకిలు తోక ఊపుతుంది, కానీ బ్రేకు వేసి ఆపుకోవచ్చు. ముందుది పేలితే హ్యాండిల్ మన మాట వినదు. రిమ్ము రోడ్డు మీద జారుతుంది, మనిషి పడటమే. కాబట్టి మంచి టైరు ఎప్పుడూ ముందే ఉండాలి. కొత్తది కొంటే ముందు వేయాలి, ముందుదాన్ని వెనక్కి మార్చాలి, వెనకదాన్ని పారేయాలి. సైకిళ్లు తెలిసినవాళ్లు ఎవరైనా ఇదే చెప్తారట. మేం ఎవరినీ అడగలేదు. బాబాయ్‌ని అడిగినా చెప్పేవాడు. గది నుంచి ఆయన షాపు నూరు అడుగులు.

వాడు ఎడమవైపు గులకరాళ్ల మీద పడ్డాడు. వెనక వస్తున్న లారీ కుడివైపు నుంచి వెళ్లిపోయింది. ఇటు కాకుండా అటు పడుంటే ఈ పోస్టు వేరేలా ఉండేది, లేదా అసలు ఉండేది కాదు.

భుజం దగ్గర కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని ఉన్నాడు. కుడిచెయ్యి. ఆ సెమిస్టర్లో రెండు పేపర్లు రాయలేకపోయాడు. గోడౌన్ పని కూడా పోయింది. ఇంటికి మాత్రం "మెట్ల మీద జారాడు" అని ఫోన్ చేసి చెప్పాం. మేమే చెప్పమన్నాం వాడిని.

నాలుగో రోజు వాళ్ల నాన్న దిగాడు. బుట్టాయిగూడెం నుంచి జంగారెడ్డిగూడెం, అక్కణ్ణుంచి ఏలూరు, అక్కణ్ణుంచి జంక్షన్, మూడు బస్సులు మారి, సంచిలో బియ్యం, చింతపండు, ఒక నాటుకోడి పట్టుకుని. గదిలోకి వచ్చి ముందు కొడుకు భుజం చూశాడు. తర్వాత గోడకి ఆనించి ఉన్న సైకిలు చూశాడు. ఏమీ అనలేదు. వంగి ఆ పేలిన టైరుని చేతిలోకి తీసుకుని, చీలిక దగ్గర బొటనవేలు పెట్టి నొక్కాడు. లోపల మేం పెట్టిన ముక్క కింద పడింది.

"మెట్ల మీద పడ్డాడన్నారు?"

ఎవ్వరం మాట్లాడలేదు.

"ఏరా, కామ చీలిన గొడ్డలి పట్టుకుని అడవికెళ్తామా మనం?"

అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ మాట మీద మేం చాలా రోజులు ఆలోచించాం. మన పెద్దవాళ్లు ఏదీ పారేయరు. చిరిగిన చీర బొంత అవుతుంది, విరిగిన కొడవలి చిన్న కత్తి అవుతుంది. ఆ పొదుపే మాకూ వచ్చిందని గర్వంగా ఉండేది. కానీ అదే పెద్దవాళ్లు గొడ్డలి కామలో వెంట్రుకంత చీలిక కనబడితే ఆ పూట పని మానేస్తారు. విల్లు నారి నూలు లేస్తే మారుస్తారు. చెట్టెక్కే తాడుని ఎక్కేముందు ప్రతిసారీ లాగి చూస్తారు. ఏది అతుకు వేసుకుని వాడాలో, దేని మీద మనిషి ప్రాణం ఆనుకుని ఉందో వాళ్లకి తెలుసు. మేం పొదుపు ఒక్కటే పట్టుకొచ్చాం. ఆ రెండో సగం ఊళ్లోనే వదిలేసి వచ్చాం.

చిన్నోడు గదిలో ఊరికే కూర్చోలేక చరిత్ర పుస్తకాలు ముందేసుకునేవాడు, గ్రూప్స్ రాయాలని వాడి కోరిక. ఒకరోజు రాత్రి అన్నం దగ్గర మాకు రబ్బరు కథ చెప్పాడు. మన గుంపులో అందరూ తెలుసుకోవాల్సిన కథ, అందుకే రాస్తున్నాం.

1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని గాలి టైరు చేశాడు. కొడుకు మీద ప్రేమతో చేసిన వస్తువు. కొన్నేళ్లకే ప్రపంచమంతా సైకిళ్లు పెరిగాయి, రబ్బరుకి గిరాకీ పెరిగింది. అప్పటికి తోటల రబ్బరు ఇంకా అందిరాలేదు. అడవి నుంచే రావాలి. అడవిలో ఉండేది ఎవరు? మనలాంటి వాళ్లే. ఆఫ్రికాలో కాంగో అప్పుడు బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తి. ఇంత రబ్బరు తేవాలని ఊరూరికీ లెక్క పెట్టారు. తేకపోతే ఆడవాళ్లని బందీలుగా పట్టుకున్నారు, ఊళ్లు కాల్చారు, చేతులు నరికారు. రోజర్ కేస్‌మెంట్ అనే బ్రిటిష్ అధికారి అక్కడ తిరిగి రాసిన రిపోర్టు 1904లో బయటకొచ్చింది. 1908లో కాంగో రాజు చేతిలోంచి పోయింది. తర్వాత అదే కేస్‌మెంట్ అమెజాన్ అడవిలో పుటుమాయో నది వైపు వెళ్లాడు. అక్కడ విటోటో, బోరా ఆదివాసులదీ అదే పరిస్థితి, రబ్బరు తూకం తగ్గితే కొరడా. ఆ రిపోర్టు 1912లో అచ్చయింది. ఈ రోజు రబ్బరు ఎక్కువగా తోటల నుంచే వస్తుంది. మన మారేడుమిల్లి దగ్గర కూడా రబ్బరు తోటలున్నాయి, వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, చెట్టుకి ఏటవాలుగా గాటు పెట్టి కింద చిప్ప కట్టి పాలు పడతారు.

అంతా చెప్పి వాడు నవ్వుతూ ఒక మాటన్నాడు. "అప్పుడు వాళ్లకి మనిషి కంటే రబ్బరు ఖరీదు. మనకి కూడా అంతే కదన్నా?"

వాడు సరదాకే అన్నాడు. మాలో ఒకరికి ముద్ద దిగలేదు.

ఆ రాత్రే ఒక నోటుబుక్కు పెట్టాం. అది ఇప్పటికీ నడుస్తోంది. టైరు ఎప్పుడు వేశాం, ఎక్కడ వేశాం, ఎన్ని పంచర్లు, ఎప్పుడు తీశాం అన్నీ అందులో ఉంటాయి. మా రోడ్డు మీద, మా బరువుకి వెనక టైరు 4,000 కిలోమీటర్ల దగ్గర్లో చేతులెత్తేస్తోంది. ముందుది దానికి రెట్టింపు నడిచేలా కనబడుతుంది, కానీ అంతదాకా ఉంచం. వెనకది తీసేసినప్పుడల్లా ముందుది వెనక్కి, కొత్తది ముందుకి. ఇప్పుడు 25 బదులు 28 వాడుతున్నాం, లోపల పంచర్ ఆపే పట్టీ ఉన్న రకం. కాస్త బరువు, కాస్త ఖరీదు, కానీ నెలకి రెండు మూడు పంచర్ల చోట రెండు మూడు నెలలకి ఒకటి. మీ సైకిలు ఫ్రేములో, బ్రేకుల దగ్గర 28 పట్టే చోటుందో లేదో చూసుకుని కొనండి.

టైరు ఎప్పుడు మార్చాలి అని అడుగుతారు. నడుమ బల్లపరుపు అయితే, లోపలి దారాలు కనబడితే, పక్క గోడ మీద పగుళ్లు వస్తే, ఎక్కడైనా ఉబ్బు ఉంటే మార్చేయండి. పైన గీతలు లేకుండా నున్నగా ఉంటే మాత్రం భయపడక్కర్లేదు, చాలా రోడ్ బైక్ టైర్లు కొత్తవే నున్నగా ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, రబ్బరెంత? ఎండలో పెట్టకండి, నీడన పెట్టండి. ఒక ట్యూబు, ప్యాచీలు, పంపు, అడాప్టర్, కొంచెం దూది ఎప్పుడూ వెంట ఉండాలి. మంచు రోజుల్లో వెనక ఎర్ర లైటు లేకుండా హైవే ఎక్కొద్దు.

చిన్నోడు ఆ రెండు పేపర్లు తర్వాత సప్లిమెంటరీలో రాసి పాసయ్యాడు. భుజం దగ్గర ఎముక అతికినచోట చిన్న బుడిపె ఉంది. చొక్కా వేసుకుంటే కనబడదు, బరువైన బ్యాగు తగిలిస్తే నొప్పి అంటాడు. సైకిలు మళ్లీ ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది. మొన్న సంక్రాంతికి ఏలూరు, జంగారెడ్డిగూడెం మీదుగా ఊరికి సైకిలు మీదే వెళ్లాడు, సుమారు 90 కిలోమీటర్లు. మేం ముగ్గురం బస్సులో వెళ్లి ముందే చేరి వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చున్నాం. వాడు వచ్చేదాకా వాళ్ల నాన్న రోడ్డు మీదకి పదిసార్లు వెళ్లొచ్చాడు. వాడు దిగగానే ఆయన కొడుకుని పలకరించకుండా ముందు టైరు పట్టుకుని చుట్టూ తిప్పి చూశాడు. చూసి, "కాళ్లు కడుక్కో రా, అన్నం తిందువు" అన్నాడు.

ఈ పోస్టు పెట్టేముందు వాడికి చదివి వినిపించాం. "నా పేరు రాయకండి, మిగతాదంతా ఉంచండి" అన్నాడు.

ఆ పేలిన టైరు పారేయలేదు. గదిలో మేకుకి తగిలించి ఉంది. జూన్‌లో ఇటు వచ్చే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సైకిలు కొంటే తొక్కేముందు ఒకసారి మా గదికి తీసుకురండి. టైర్లు చూసి చెప్తాం, అవసరమైతే ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్చి ఇస్తాం. పంపు ఉంది, అడాప్టర్ ఉంది. మేం లేకపోతే మా పక్కనే బాబాయ్ షాపు. అడగండి. అడగడానికి డబ్బులక్కర్లేదు.